బుల్లబ్బాయి ట్యూబు షికారు

ఎండలు ముదిరాయంటే తుంగచెరువులో నీళ్ళు తగ్గుతాయి, మాటలు పెరుగుతాయి. చెరువంతా బీటలు వారి నడిమధ్యన రెండెకరాల మడుగొక్కటే మిగులుతుంది. తాగడానికి వచ్చేవాళ్ళూ మునగడానికి వచ్చేవాళ్ళూ అంతా ఆ ఒక్క ఒడ్డునే చేరాలి. చేరినవాళ్ళు ఊరికే కూర్చుంటారా? గేదె మంగతాయారు నెమరు వేస్తూ కూడా మాట్లాడుతుంది. తాబేలు సూరయ్య ఒక మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోగా చెట్టునీడ ఇటునుంచి అటు తిరుగుతుంది, కానీ ఆయన పూర్తి చెయ్యకుండా మాత్రం వదలడు. కాకి నూకరాజుకైతే మాట్లాడటమే వృత్తి. ఆ చుట్టుపక్కల పెళ్ళిసంబంధాలన్నీ కుదిర్చేది ఆయనే.

నక్క బుల్లబ్బాయిదీ ఆ ఒడ్డే. తెలివికి కొదవలేనివాడు. కాకపోతే ఆ తెలివిలో ముప్పాతిక వంతు, జరిగిన తప్పు ఎవరి మీదికి తొయ్యాలా అని వెతకడానికే సరిపోయేది. మిగిలిన పాతికతో ఇల్లు నడిపేవాడు.

ఆదివారం సాయంత్రం నూకరాజు ఎగురుకుంటూ వచ్చి బుల్లబ్బాయి గుమ్మం ముందు వాలాడు.

"ఏటవతలి గంగులుగారి అమ్మాయి వరాలుకి నిన్ను చెప్పానురా అబ్బాయ్. కుర్రాడేం చేస్తుంటాడని అడిగారు. వాలుగలు పడతాడన్నాను."

"నేనెప్పుడు పట్టాను మావయ్యా?"

"పట్టలేదని వాళ్ళకేం తెలుసు? రోజుకో వాలుగ, బారెడు పొడుగున్నది, అన్నాను. గంగులుగారు గుటకలు మింగారు. గురువారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. వాలుగ పులుసు పెట్టావా, సంబంధం ఖాయం. పెట్టలేదా, నన్నింక ఆ గట్టు మీద వాలనివ్వరు, నీకింక పిల్లనివ్వరు."

బుల్లబ్బాయి వెంటనే గాలం వెతకడం మొదలుపెట్టాడు. ఆ నక్కపిల్ల వరాలుని వాడు ఒకే ఒక్కసారి చూశాడు. కిందటి చలికాలంలో ఏటి ఇసుకలో ఎండ్రకాయల కోసం కన్నాలు తవ్వుతూ, దొరికినదాన్ని దొరికినట్టు కరకరా నములుతూ, వాళ్ళ నాన్నకి ఇటు తవ్వు, అటు తవ్వు అని పని చెబుతూ కనిపించింది. అప్పట్నించీ వాడికి ఆ అమ్మాయంటే ఇష్టం. ఎవరికీ చెప్పలేదుగాని, నిజంగానే ఇష్టం.

వాలుగంటే జలగనో చేపపిల్లనో పట్టినంత తేలిక కాదు. మొహమంతా నోరు, నోరంతా పళ్ళు, ముందు రెండు పొడుగాటి మీసాలు. మడుగు అడుగున బురదలో పడుకుని మీసాలతో తడుముకుంటూ తిండి వెతుక్కునే చేప అది. తుంగచెరువులో ఉన్న పెద్ద వాలుగ ఒక్కటే, దాని పేరు గరటయ్య. చెరువు నిండినప్పుడూ ఎండినప్పుడూ చూసి తల పండిన చేప. ఒడ్డున గాలం వేస్తే ఆ దరిదాపులకే రాడు. నడి మడుగులోకి వెళ్ళి వెయ్యాలి.

అందుకు బుల్లబ్బాయి దగ్గర ఒక సాధనం ఉంది. కిందటి వానల్లో వరదకి ఎక్కడినుంచో ఒక లారీ ట్యూబు కొట్టుకొచ్చి తుంగలో చిక్కుకుంది. మూడు చోట్ల అతుకులున్నా గాలి నిలిచింది. వాడు దానికి అడ్డంగా గోనెపట్టా కట్టి, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసుకోవడానికి రెండు కన్నాలు పెట్టి, అందులో కూర్చునేవాడు. వెనక కాళ్ళాడిస్తే అది కదిలేది. ముందుకు కాదు, వెనక్కి. బుల్లబ్బాయి అదేదో తను కావాలనే అలా పోతున్నట్టు మొహం పెట్టుకుని కూర్చునేవాడు.

సోమవారం పొద్దున్నే చింతపండు నానబెట్టి, గాలమూ ఎరా తీసుకుని ట్యూబెక్కబోతుంటే మంగతాయారు నీళ్ళలోంచి తలెత్తింది.

"ఎక్కడికి అబ్బాయ్, పొద్దున్నే?"

బుల్లబ్బాయి మొహం చిట్లించుకుని ట్యూబెక్కి వెళ్ళాడు. మధ్యాహ్నానికి వట్టి గాలంతో తిరిగొచ్చాడు. ఎర మాత్రం లేదు.

"బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడుగుతారా అత్తా? అందుకే పడలేదు."

"నీళ్ళలోకి ఎల్తన్నావని కనపడతానే ఉంది నాయనా. మర్యాదకి అడిగాను," అంది మంగతాయారు.

నానిన చింతపండు పారబోసి మంగళవారం మళ్ళీ నానబెట్టాడు. ట్యూబులో కాలు పెట్టాడో లేదో చెట్టు మీద నూకరాజు తుమ్మాడు. ఆ రోజూ ఎర పోయింది, చేప రాలేదు.

"ఒంటి తుమ్ము తుమ్మావు కదా మావయ్యా. రెండోది తుమ్మి ఉంటే దోషం పోయేది."

"ఎంత ప్రయత్నించినా రెండోది రాలేదురా," అన్నాడు నూకరాజు. ఆయన మాటలో నిజంగానే బాధ ఉంది.

బుధవారం ఎవరూ అడగలేదు, ఎవరూ తుమ్మలేదు. బుల్లబ్బాయే ఉండబట్టలేక, అప్పుడే మడుగులోంచి పైకొస్తున్న సూరయ్యని పలకరించాడు.

"తాతా, అడుగునుంచి వస్తున్నావు. గరటయ్య కదలికేమైనా ఉందా?"

సూరయ్య ఆలోచించి ఆలోచించి, "లేదు," అన్నాడు.

మూడో రోజూ వట్టి గాలమే. బుల్లబ్బాయికి ఒళ్ళు మండిపోయింది.

"పనిమీద పోయేవాడి ముందు లేదంటావా తాతా? ఇంట్లో బియ్యమైపోతేనే లేవనరు, నిండుకున్నాయంటారు."

"నువ్వే కదా అడిగావు."

"అడిగితే మాత్రం?"

"పోనీ గరటయ్య నిండుకున్నాడనేదా అబ్బాయ్?" అని సూరయ్య ఎంతో మర్యాదగా అడిగాడు. బుల్లబ్బాయి విసురుగా వెళ్ళిపోయాడు. ఆ వెనకాల సూరయ్య ఇంకేదో చెప్పబోతూనే ఉన్నాడు. గాలం తాడు చేతిలో వదులుగా పట్టుకుంటే చేపకి ఎర లాక్కోవడం తేలికని ఆయన చెప్పాలనుకున్నది. వెనకనుంచి పిలిస్తే ఇంకో రోజు పాడవుతుందని బుల్లబ్బాయి చెవులు మూసుకుని మరీ నడిచాడు.

గురువారం తెల్లారింది. మధ్యాహ్నానికి చుట్టాలొస్తారు. బుల్లబ్బాయి ముగ్గుర్నీ ఒడ్డున వరసగా నిలబెట్టాడు.

"మీ నోళ్ళవల్ల నాకు మూడు రోజులు పోయాయి. ఈ రోజు కూడా పోతే నాకు పెళ్ళి లేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యండి. నేను నీళ్ళలోకి వెళ్ళి మళ్ళీ ఈ ఒడ్డున కాలు పెట్టేదాకా ఒక్కరూ నోరెత్తకూడదు. ఎక్కడికనకూడదు, లేదనకూడదు, తుమ్మకూడదు, వెనక నుంచి పిలవకూడదు."

"ఎవరితోనూ మాట్లాడకూడదా, నీతోనేనా?" అని అడిగింది మంగతాయారు.

"ఎవరితోనూ. మీరు వేరేవాళ్ళతో మొదలుపెట్టినా తిరిగి తిరిగి నా మీదికే వస్తుంది."

"నువ్వడిగినా చెప్పకూడదా?" అన్నాడు సూరయ్య. నిన్నటి సంగతి ఆయన మర్చిపోలేదు.

"నేనడిగినా సరే. నేను కాళ్ళ మీద పడి బతిమాలినా సరే."

వాళ్ళకి వాడంటే విసుగే. అయినా వాడికి పెళ్ళి కావాలని ముగ్గురికీ ఉంది. ఒంటరిగా ఉంటే వాడు మరీ పాడైపోతాడని మంగతాయారు ఎప్పుడూ అంటుండేది. అందుకని ఒకరి తర్వాత ఒకరు ఒట్టేశారు. సూరయ్య అందక రాయెక్కి పెట్టాడు. మంగతాయారు గిట్ట పెడితే బుల్లబ్బాయి మెడ కాస్త లోపలికి పోయింది.

ట్యూబెక్కాక వాడు ఒక కొత్త పని చేశాడు. ఎర మూడు రోజులూ చేతిలోంచే పోయింది కాబట్టి, గాలం తాడుని ట్యూబుకే కట్టేశాడు. మామూలు ముడి కాదు, మూడు చుట్లు తిప్పి నాలుగు ముళ్ళు వేశాడు. కోడి పేగులు తామరాకులో మూట కట్టి ట్యూబుకి రెండోవైపు వేలాడదీశాడు. ఒకటి పోతే ఇంకో ఎర చేతికి అందుబాటులో ఉంటుందని.

తాడు ట్యూబుకి కట్టడం చూసి సూరయ్య నోరు తెరిచాడు. చేప గట్టిగా లాగిందంటే ట్యూబూ వాడూ దానివెంట పోవడమే, వీడికి ఆ మాత్రం తోచలేదా అని ఆయన ప్రాణం కొట్టుకుంది. బుల్లబ్బాయి వేలెత్తి చూపించి, "ఒట్టు," అన్నాడు. సూరయ్య నోరు మూసుకున్నాడు.

ఇక నీళ్ళ అడుగున గరటయ్య. మూడు రోజులుగా ఆయనకి పనీపాటా లేకుండా భోజనం నడుస్తోంది. పొద్దున్నే పైనుంచి ఎర దిగేది, ఆయన గాలం తగలకుండా పెదాలతో జుర్రుకునేవాడు. ఈ రోజు ఒడ్డు దగ్గర పడుకుని ఒట్లన్నీ మొదట్నించీ విన్నాడు. తర్వాత నీళ్ళలోకి ఒక వాసన దిగింది. ఒక ముక్క వాసన కాదు, మూటెడు పేగుల వాసన. గరటయ్య మీసాలు రెండూ వాటంతటవే లేచాయి.

"చూసి చెప్పేవాళ్ళ నోళ్ళు వాడే కట్టేశాడు. ఇంక నాకు భయమేముంది?" అనుకున్నాడాయన. అని గాలాన్ని ముట్టుకోకుండా, దానికి జానెడు పైన తాడుని పళ్ళతో కరిచి పట్టుకుని, ఒక్క గుంజు గుంజాడు.

ట్యూబు ముందుకు కదిలింది. ఇన్నాళ్ళకి అది ముందుకు పోవడం అదే మొదలు. బుల్లబ్బాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వెన్ను నిటారుగా పెట్టి, తోక గోనెపట్టా మీద పరుచుకుని, ఒడ్డు పక్కనుంచి పోతూ కేకేశాడు.

"చూశావా అత్తా? పడింది. నోరు మూసుకున్నారు, పడింది."

మంగతాయారు తల ఊపింది.

"మరీ అంత బిగదీసుకోకపోతేనేం, బాగుందని ఒక మాట అనొచ్చు కదా అత్తా."

మంగతాయారు మళ్ళీ తలే ఊపింది. ట్యూబు సాగిపోయింది.

రెండో చుట్టుకి వేగం పెరిగింది. అటు తుంగదాకా పోయి, అక్కడ గిరుక్కున తిరిగి, ఇటు రాళ్ళదాకా వచ్చి, మళ్ళీ తిరుగుతోంది. నీళ్ళు మొహాన కొడుతున్నాయి. తాడు విప్పుదామని వంగి చూస్తే ముడి తడిసి రాయిలా బిగుసుకుంది. విప్పి మాత్రం ఏం చేస్తాడు? విప్పితే చేప పోతుంది, చేప పోతే వరాలు పోతుంది.

"తాతా, వాలుగ ఎంతసేపటికి అలుస్తుంది?" అని అడిగాడు, రాళ్ళ పక్కనుంచి పోతూ.

సూరయ్య అప్పటికే అనుమానమొచ్చి నీళ్ళలో తల ముంచి చూశాడు. గాలం ఖాళీగా వేలాడుతోంది. చేప తాడు కరుచుకుని తాపీగా ఈదుతోంది. ఆ ఒక్క ముక్క చెప్పేస్తే అయిపోతుంది. నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి, నోరు జారకుండా తల డిప్పలోకి లాక్కున్నాడు.

"అడిగినదానికి జవాబు చెప్పని మొండివాళ్ళ మధ్య పడ్డాను," అనుకుంటూ బుల్లబ్బాయి మూడో చుట్టుకి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే గంగులుగారు కూతుర్ని వెంటబెట్టుకుని గట్టు దిగారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన మనిషి, పులుసు వాసన తగులుతుందేమోనని దారిపొడుగునా ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నారు.

"నమస్కారం వదినగారూ. బుల్లబ్బాయిగారి ఇల్లు ఇదేనాండి?" అన్నారు మంగతాయారుతో.

ఆవిడ తల ఊపింది.

"అబ్బాయి ఇంట్లో ఉన్నాడాండి?"

ఆవిడ కొమ్ముతో మడుగు వైపు చూపించింది. గంగులుగారు ఆ చూపించినదేమిటో అర్థంకాక తాబేలు వైపు తిరిగారు. తాబేలుకి తల లేదు. కాకి వైపు తిరిగారు. నూకరాజు ముక్కు రెక్క కింద దూర్చుకుని కొమ్మ మీద వణుకుతున్నాడు.

"ఏమైంది నూకరాజుగారూ? మొన్న మా ఇంటికొచ్చి గంటన్నరసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడారు. కులాసాగా ఉన్నారా?"

నూకరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెళ్ళిచూపుల్లో మాట్లాడకుండా ఉండాల్సిరావడం ఆ కాకి బతుకులో అంతకుముందెప్పుడూ జరగలేదు.

"మూగవాళ్ళ ఊరికి తెచ్చానేమిటే నిన్ను?" అన్నారు గంగులుగారు మెల్లిగా కూతురితో.

వరాలు అప్పటికే నీటి అంచున నిలబడి చూస్తోంది. దూరాన నల్లటి ట్యూబు, అందులో ఒక నక్క, నీళ్ళు చిమ్ముకుంటూ ఇటే వస్తున్నాయి. దగ్గరకి రాగానే ఆ అమ్మాయి గొంతెత్తి అడిగింది.

"ఎక్కడికండీ?"

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే బుల్లబ్బాయి కరిచేవాడు. అడిగింది వరాలు. సర్దుకుని కూర్చుని చిరునవ్వు పెట్టాడు.

"ఊరికేనండి. భోజనానికి ముందు నాలుగు చుట్లు తిరగడం నాకలవాటు."

ట్యూబు వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి వాడి చెవులు రెండూ తడిసి కిందికి వేలాడుతున్నాయి.

"మళ్ళీ ఎక్కడికండీ?"

"వాలుగని కాస్త అలవనిస్తున్నానండి. అలిసిన చేపయితే పులుసులో ముక్క మెత్తగా ఉంటుంది."

గంగులుగారికి ఆ మాట నచ్చింది. "పనితనం తెలిసినవాడేనే," అన్నారు. వరాలు మాత్రం తాడు ఎటు లాగుతోందో చూస్తూ నిలబడింది. ఆ తర్వాతి చుట్టుకి ట్యూబు పక్కకి ఒరిగి, అడ్డంగా తిరుగుతూ వచ్చింది. బుల్లబ్బాయి రెండు చేతులతో ట్యూబుని కావలించుకుని ఉన్నాడు.

"ఈసారి ఎక్కడికండీ?"

"అది... చేప ఎటంటే అటేనండి."

"అయితే పట్టుకుంది మీరా, చేపా?"

దానికి జవాబు చెప్పేలోగా ట్యూబు తుంగ వైపు తిరిగిపోయింది. అంత దూరం పోయినా ఆ ప్రశ్న వాడి చెవుల్లోనే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి వరాలు మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడి ఉంది.

"వీళ్ళంతా ఎందుకు మాట్లాడటం లేదు?"

"నేనే వద్దన్నానండి. ఒక్క మాట బయటికొస్తే చేప జారిపోతుంది. ఒట్టేయించుకున్నాను."

"ఆ తాబేలుగారు ఇందాకట్నించి తల బయటికి పెడుతున్నారు, లోపలికి లాక్కుంటున్నారు. ఏదో చెప్పాలని ఆయనకి ప్రాణం మీదకొచ్చింది. ఒక్క మాట చెప్పనివ్వండి."

"పులుసు పొయ్యి దిగాక ఎంతసేపైనా చెప్పమంటానండి," అని అరిచి బుల్లబ్బాయి మళ్ళీ సాగిపోయాడు. అప్పుడు ఒక్క మాట సరేనని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. వాడికి మాత్రం ఆ ఒట్టే తన అదృష్టమనీ, తాడు చివర చేప ఉండటానికి కారణం అదేననీ గట్టి నమ్మకం.

తొమ్మిదో చుట్టులో గరటయ్య తుంగ దగ్గర ఒక్కసారిగా మలుపు తిరిగాడు. ట్యూబు నీళ్ళలోంచి సగం లేచి పడింది. ఆ కుదుపుకి తామరాకు మూట ఊడి నీళ్ళలో పడి విచ్చుకుంది. గరటయ్య తాడు వదిలేసి, తొందరేమీ లేకుండా ఒక్కో పేగూ తిన్నాడు. తర్వాత మీసాలు తుడుచుకున్నట్టు నీళ్ళలో ఆడించి, ట్యూబు పక్కన తల పైకి పెట్టాడు.

బుల్లబ్బాయి తాడు లాగి చూసుకుంటున్నాడు. గాలం చివర పొద్దున పెట్టిన ఎర పెట్టినట్టే ఉంది.

"నీ గాలం నేను ముట్టుకోలేదు అబ్బాయ్. తాడు పట్టుకున్నానంతే," అన్నాడు గరటయ్య.

"మరి ఇంతసేపూ?"

"మూట గట్టిగా కట్టావు. ఊడటానికి తొమ్మిది చుట్లు పట్టింది. వచ్చేసారి కాస్త వదులుగా కట్టు, నేనూ పెద్దవాణ్ణయ్యాను."

"నన్ను మోసం చేశావు బాబాయ్."

"నేను దాక్కుని చేసిందేముంది? ఒడ్డు మీదనుంచి చూస్తే అంతా కనపడతానే ఉంది. సూరయ్య నీళ్ళలో తల పెట్టి చూశాడు కూడాను. చెబుదామంటే పాపం ఆయనకి నువ్వు వీల్లేకుండా చేశావు," అని, ఆ గాలానికున్న ఎర కూడా నోట కరుచుకుని గరటయ్య అడుగుకి వెళ్ళిపోయాడు.

ట్యూబు మెల్లిగా పోయి పోయి గుర్రపుడెక్కలో ఇరుక్కుని ఆగింది. కాళ్ళాడిస్తే ఆ మొక్కల వేళ్ళు చుట్టుకున్నాయి. బుల్లబ్బాయి ఒడ్డు వైపు తిరిగి బతిమాలాడు.

"అత్తా, కాస్త వచ్చి లాగవే. తాతా, ఇక్కడ లోతెంతో చెప్పు. ఒట్టు తీసి గట్టున పెట్టండి. నేనే చెబుతున్నాను కదా."

మంగతాయారు జాలిపడి ఒకడుగు ముందుకేసింది. సూరయ్య తల అడ్డంగా ఊపాడు. కాళ్ళ మీద పడి బతిమాలినా సరేనన్నది వాడే కదా. ఆవిడ ఆ అడుగు మళ్ళీ వెనక్కి తీసుకుంది. ముగ్గురూ వాడి కేసి ఎంతో ప్రేమగా చూస్తూ నిలబడ్డారు.

చివరికి బుల్లబ్బాయి కళ్ళు మూసుకుని దూకాడు. నీళ్ళు వాడి మెడదాకా కూడా రాలేదు. పొద్దుట్నించీ ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగి నడిచి రాగలిగేంత లోతే అది. బురదలో కాళ్ళు పీక్కుంటూ, మెడకి గుర్రపుడెక్క వేలాడుతుండగా, చేప లేకుండా నడిచొచ్చి ఒడ్డున కాలు పెట్టాడు.

కాలు పెట్టాడో లేదో ముగ్గురూ ఒక్కసారే మొదలుపెట్టారు. "తాడు ట్యూబుకి కట్టొద్దని చెబుదామంటే" అని సూరయ్య, "అది గాలానికి పడలా నాయనా" అని మంగతాయారు, "గంగులుగారూ, అబ్బాయి ఎంతటివాడంటే" అని నూకరాజు. పొద్దుట్నించీ ఆపుకున్నదంతా బయటికొచ్చింది. నూకరాజు మధ్యలో తుమ్మాడు కూడా. ఆపుకుని ఉన్నాడేమో, ఏకంగా ఏడు తుమ్ములొచ్చాయి.

గంగులుగారు ఖాళీ గాలం చూశారు, నానిన చింతపండు చూశారు. మనిషి మంచివాడు. "పోనీలే. చేప ఈ రోజు పడకపోతే రేపు పడుతుంది. దానికేముంది," అన్నారు.

"చేప గురించి కాదు నాన్నా," అంది వరాలు. తర్వాత బుల్లబ్బాయి వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"నేను ఊరుకునేదాన్ని కాదండి. కూర మాడితే మాడిందంటాను. మీరు తప్పుదారిన పోతుంటే ఇటు కాదంటాను. పొద్దున లేచింది మొదలు నా నోట్లో అలాంటి మాటలు పది వస్తాయి. మాట్లాడినందుకు చేపలు పడలేదని ఇంతమందికి ఒట్లు పెట్టినవారు, పెళ్ళయిన మర్నాడే నా చెయ్యి కూడా నెత్తి మీద పెట్టించుకుంటారు. అలాంటి ఇంట్లో నేను కాపురం చెయ్యలేను."

బుల్లబ్బాయి నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ చుట్టూ చూశాడు. మంగతాయారు ఎక్కడికని అడగలేదు. చేప తిరుగుతున్నంతసేపూ నూకరాజు తుమ్మలేదు. సూరయ్య లేదనలేదు. వెనకనుంచి ఎవరూ పిలవలేదు. తెరిచిన నోరు వాడు అలాగే మూసుకున్నాడు. ఏడుపొచ్చింది, బురద మొహం కాబట్టి పెద్దగా తెలియలేదు.

గంగులుగారికి ఆకలి దంచేస్తోంది. వరాలు ఒడ్డున తడి మట్టి చూసి, "ఇక్కడ తవ్వు నాన్నా, కాదు, ఇటు," అని మొదలుపెట్టింది. కాసేపటికి పదహారు ఎండ్రకాయలు దొరికాయి. నానబెట్టిన చింతపండు ఎలాగూ ఉంది. మంగతాయారు కబుర్లు చెప్పింది, నూకరాజు ఇంకో సంబంధం గురించి ఆరా తీశాడు, సూరయ్య గంగులుగారికి చెరువు పుట్టుపూర్వోత్తరాలు మొదట్నించీ వినిపించాడు. పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. వరాలు ఒక ఎండ్రకాయ ఆకులో పెట్టి బుల్లబ్బాయి ముందు కూడా ఉంచింది. పొద్దు వాలకముందే తండ్రీకూతుళ్ళు గట్టెక్కి ఏటి వైపు వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసి బుల్లబ్బాయి సూరయ్య పక్కకొచ్చి కూర్చున్నాడు.

"నిన్న నేను విసురుగా వెళ్ళిపోతుంటే ఏదో చెప్పబోయావు తాతా. అదేమిటో చెప్పు," అన్నాడు.

సూరయ్య గొంతు సవరించుకుని, గాలం తాడు పేనడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. బుల్లబ్బాయి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

నీతి: చెప్పేవాళ్ళ నోళ్ళు కట్టేసినవాడు, కొట్టుకుపోయేటప్పుడు ఎవరూ కేకెయ్యలేదని ఏడవకూడదు.